విశ్వసంస్థయు - ధర్మకర్తలును
(రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



ఒక కుటుంబము తన యింటిని నిలుపుకొనుటకు స్వార్థమొక్కటి చాలును. పదిమంది కూడి స్థాపించిన సంస్థను నిలుపుటకు స్వార్థము చాలకపోవుటయే గాక, పెక్కుసారులు అదియే దానికి శత్రువగును. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చినదను సామెత తెలుగునాట ఊరక పుట్టలేదు. ఆ గొర్రె యొడలిమీది పుండు అందరికిని కనబడెను. మందు వేయవలసినవాడు మాత్రము ఎదుటివాడని ప్రతివాడును తలచెను. అట్టి లోకములో ఒక గ్రామగ్రంథాలయము 25 ఏండ్లు నిలిచినదనగా, మందు వేయుట తమ పనియే యని తలచినవారు కొందరు ఎల్లప్పుడు దానియందుండిరనుటకు అదియే సాక్ష్యము.

ఆ కొందరినే కార్యవర్గ సభ్యులందురు. చిన్న గ్రంథాలయమునకు ఏడుగురో తొమ్మండుగురో యుందురు. ప్రపంచమంతట వ్యాపించిన సంస్థలకును ఇట్టి మండలులే కలవు. ఆశ్చర్యమేమనగా, అచ్చటను ఆ మండలియందు కూర్చుండువారు పదునైదుగురో ఇరువదిమందియో మాత్రమే. కోట్లకొలది ధనము, లక్షలకొలది సభ్యులు, వందలకొలది దేశములు! ఇంత భారము అంత కొలదిమంది భుజములమీద ఎట్లు నిలుచుచున్నది? వారెవరు? ఏ త్రోవను వత్తురు? ఎప్పుడు పోవుదురు? వారిని నమ్ముటకు లోకమునకు ఆధారమేమి? ఈ ఉపన్యాసమునకు ఇదియే విషయము.

ఇందులకు దృష్టాంతముగా రోటరీ సంస్థను గ్రహించుట యుక్తము. కారణములు రెండు. వివిధ వృత్తులయందు పెద్దలైనవారిని ఒకచోట చేర్చి, వారి నాయకత్వశక్తిని సేవవైపునకు మరల్చుట ఆ సంస్థ పెట్టుకొన్న పని. ఇది మొదటి కారణము. ఆ సంస్థ కూడబెట్టిన సొమ్ము ఏదో దూరదేశపు ముచ్చట కాక, తెలుగు గ్రామముల గడపవరకు వచ్చినది. ఇది రెండవది. 1995వ సంవత్సరము మొదలుకొని దేశమంతట జరిగిన పల్స్ పోలియో ఆదివారములు తల్లులకు జ్ఞాపకముండకపోవు. పసిబిడ్డల నోట రెండు చుక్కలు వేసి, చిటికెనవ్రేలికి సిరాగుర్తు పెట్టి పంపెడివారు. ఆ పనికి భారత ప్రభుత్వము వెచ్చించినదే అధికభాగమైనను, ప్రపంచవ్యాప్తముగా ఆ యుద్యమమును నడపిన నాలుగైదు సంస్థలలో రోటరీ యొకటి.

ఈ సంస్థ పుట్టుక చాల చిన్నది. 1905వ సంవత్సరము ఫిబ్రవరి 23వ తేదీన అమెరికాదేశమందలి చికాగో నగరములో నలుగురు మిత్రులు ఒక కచ్చేరీగదిలో కూర్చుండిరి. అందు పాల్ హారిస్ న్యాయవాది, సిల్వెస్టర్ షీలే బొగ్గు వ్యాపారి, గుస్తావస్ లోయర్ గనుల యింజనీరు, హైరమ్ షోరీ దుస్తులు కుట్టించి యమ్ము వర్తకుడు. ఒక్కొక్కసారి ఒక్కొక్కరి కచ్చేరీలో, చక్రము తిరిగినట్లు, సమావేశము జరుపుకొనుచుండిరి గావున రోటరీ యను పేరు వచ్చినది. సంస్థాపకుడు హారిసే యైనను, చికాగో క్లబ్బునకు మొదటి అధ్యక్షుడు బొగ్గు వ్యాపారియైన షీలే యనుట గమనింపదగిన విషయము. విత్తనము నాటినవాడు తొలిపీఠము నాశింపలేదు. 1910లో 16 క్లబ్బులు కూడి జాతీయ సంఘముగా ఏర్పడినప్పుడు హారిస్ అధ్యక్షుడాయెను. రెండేండ్లు నిర్వహించి 1912లో దిగిపోయెను. ఆ తరువాత 35 సంవత్సరములు జీవించి 1947 జనవరిలో మరణించెను. ఈ 35 ఏండ్లలో గౌరవాధ్యక్షుడను పేరుండెనేగాని అధికారపీఠమునకు అతడు తిరిగి రాలేదు.

ఇది స్వల్పవిషయముగా తోచవచ్చును. కాని సంస్థలు చెడుటకు గల కారణములను లెక్కించినచో, శత్రువులు చెరచినవి కొన్నియే. స్థాపించినవారు దిగకపోవుటచేత చెడినవి పెక్కు. చెట్టు నాటినవాడు దాని మొదటనే కూర్చుండినచో వేరొకడు నీరు పోయుటకు చోటెక్కడిది?

ఇక సొమ్ము మాట. 1917లో అట్లాంటా నగరమున జరిగిన మహాసభలో అప్పటి అధ్యక్షుడు ఆర్చ్ క్లంఫ్ అను కలప వ్యాపారి, లోకహితకార్యములకై ఒక శాశ్వతనిధి ఏర్పరుపవలెనని సూచించెను. మరుసటి సంవత్సరము కాన్సాస్ సిటీ క్లబ్బువారు ఆ నిధికి మొట్టమొదటి విరాళమిచ్చిరి. అది 26 డాలర్ల 50 సెంట్లు. పదునొకండేండ్లు గడచి 1928వ సంవత్సరము వచ్చునప్పటికి ఆ నిధి 5,000 డాలర్లు దాటినది. అప్పుడే దానికి రోటరీ ఫౌండేషన్ అను పేరుపెట్టి, అయిదుగురు ధర్మకర్తలను నియమించిరి. వారిలో క్లంఫ్ ఒకడు. 1930లో మొదటి దానముగా వికలాంగులైన బాలబాలికలకు తోడ్పడు సంఘమునకు 500 డాలర్లు ఇచ్చిరి.

సభాసదులు ఇచ్చట ఒక క్షణము నిలిచి ఆలోచింపవలెను. నిధి పెద్దదైన తరువాత ధర్మకర్తలను వెదకలేదు. ఊరి వర్తకుడొకడు ఒంటరిగా భరింపగలంత చిన్నమొత్తముగా ఉన్నప్పుడే అయిదుగురిని కాపలా పెట్టిరి. కట్ట వేయవలసినది వరద వచ్చిన పిమ్మట కాదు గదా! ఆ 26 డాలర్ల నిధియే పెరిగి పెరిగి, పోలియో నిర్మూలన మొక్కదానికే రెండువందల కోట్ల డాలర్లకు మించి వెచ్చింపగలిగినది. 1979లో ఫిలిప్పైన్స్ దేశమున సుమారు 60 లక్షలమంది బిడ్డలకు చుక్కలు వేయించుటతో ఆ పని ఆరంభమైనది. 1985లో లోకమంతటికి వ్యాపింపజేయుటకై 12 కోట్ల డాలర్లు కూడబెట్టుదమని సంకల్పింపగా, 1988 నాటికి 24 కోట్ల 70 లక్షల డాలర్ల వాగ్దానములు వచ్చినవి. ఆ సంవత్సరముననే ప్రపంచ ఆరోగ్యసభ పోలియోను భూమిమీద లేకుండ చేయవలెనని తీర్మానించినది. అప్పటికి 125 దేశములలో ఏటేట సుమారు 3,50,000 మంది ఆ వ్యాధిచేత కాళ్లు చేతులు పడిపోవుచుండిరి. భారతదేశములో చివరి కేసు 2011 జనవరి 13వ తేదీన పశ్చిమవంగమందలి హౌరా జిల్లాలో నమోదైనది. 2014 మార్చి 27న ఈ ప్రాంతము పోలియో రహితమని ధ్రువపత్రము లభించినది. ఇంకను పాకిస్తాన్, ఆఫ్ఘనిస్తాన్ దేశములలో ఆ వ్యాధి వేరు పూర్తిగా తెగలేదు.

ఇంత ధనము ఇచ్చినవారు లక్షలకొలది జనులు. వారిలో నూటికి తొంబదితొమ్మండుగురు ధర్మకర్తల ముఖము నెన్నడును చూచినవారు కారు. చూడనివారి చేతికి సొమ్మిచ్చుట యనగా నమ్మకము. ఆ నమ్మకము మనుష్యుల మంచితనముమీద మాత్రమే నిలుచుట లేదు. కట్టుబాట్లమీద నిలుచుచున్నది. ఆ కట్టుబాట్లేవో చూతము.

రోటరీకి మండలులు రెండు. సభ్యులకు, క్లబ్బులకు సంబంధించిన పరిపాలన పాలకమండలిది. ధర్మనిధికి సంబంధించిన ధనము ధర్మకర్తల మండలిది. పాలకమండలిలో 19 మంది యుందురు: అధ్యక్షుడు, మరుసటి యేటికి అధ్యక్షుడు కానున్నవాడు, 17 మంది డైరెక్టర్లు. ధర్మకర్తలు 15 మంది. వీరిని రాబోవు అధ్యక్షుడు సూచింపగా పాలకమండలి యెన్నుకొనును. వీరిలో నలుగురు పూర్వాధ్యక్షులై యుండవలెను. వీరి కాలపరిమితి నాలుగేండ్లు. ఆజ్ఞ నిచ్చు చేయి, తాళము పట్టు చేయి వేరువేరుగా నుంచుటలోని ప్రయోజనము, దేవస్థానము లెక్కలు ఎరిగినవారికి విశదీకరింపనక్కరలేదు.

డైరెక్టరుగా వచ్చు త్రోవయు సులభమైనది కాదు. మొదట క్లబ్బులో సభ్యుడు కావలెను. పిమ్మట క్లబ్బునకు అధ్యక్షత వహింపవలెను. పెక్కు క్లబ్బులు చేరిన భాగమునకు రోటరీవారు జిల్లా యని పేరు పెట్టుకొన్నారు. దానికి ఒక యేడు గవర్నరుగా పూర్తిగా పనిచేసియుండవలెను. అటుపిమ్మట మూడేండ్లయినను గడచిననే గాని డైరెక్టరు పదవికి పేరు సూచింపరాదు. డైరెక్టరుగా పూర్తికాలము పనిచేయనివాడు అధ్యక్షుడు కాజాలడు. ధనవంతుడైనను, విద్వాంసుడైనను, పేరుగలవాడైనను మొదటి మెట్టునుండియే ఎక్కిరావలెను. పై అంతస్తునకు బయటినుండి నిచ్చెన వేయుట కుదరదు.

ఎక్కుటకు మెట్లున్నట్లే దిగుటకును గడువున్నది. అధ్యక్షునికి ఒకే సంవత్సరము. డైరెక్టరునకు రెండు సంవత్సరములు. డైరెక్టరుగా పూర్తికాలము పనిచేసినవాడు తిరిగి డైరెక్టరు కారాదు. అధ్యక్షపదవికి మాత్రము అర్హుడు. భారతదేశమునుండి ఇప్పటివరకు నలుగురు ఆ విశ్వసంస్థకు అధ్యక్షులైరి. 1962-63లో కలకత్తా వాసియైన నీతీశ్ లాహిరీ, 1991-92లో చండీగఢ్ వాసియైన రాజేంద్ర సాబూ, 2011-12లో గుజరాతునందలి వాపీ నుండి కల్యాణ్ బెనర్జీ, 2021-22లో కలకత్తానుండి శేఖర్ మెహతా ఆ పీఠమలంకరించిరి. ప్రతివారును ఒక యేడు కూర్చుండి, సంవత్సరాంతమున జూన్ 30వ తేదీన లేచిపోయిరి. కల్యాణ్ బెనర్జీ తరువాత 2016-17లో ధర్మకర్తల మండలికి అధ్యక్షత వహించెను. అదియు ఒక యేడే.

ఏడాదికొకరు మారినచో పని చెడదా యను సందేహము కలుగవచ్చును. అందులకే స్థిరమైన కార్యాలయము, జీతముగల ప్రధానకార్యదర్శి యున్నారు. మొదటి కార్యదర్శియైన చెస్లీ పెర్రీ 1910 నుండి 1942 వరకు 32 సంవత్సరములు ఆ పనిచేసెను. అధ్యక్షులు మారుచుండిరి, దఫ్తరము మారలేదు. ఆ సంస్థ నిబంధనల ప్రకారము అధికారులలో జీతము పుచ్చుకొనువాడు ప్రధానకార్యదర్శి యొక్కడే. అధ్యక్షునికి గాని, డైరెక్టర్లకు గాని, ధర్మకర్తలకు గాని జీతము లేదు. పనిమీద తిరిగినప్పుడు అయిన ఖర్చులు మాత్రము సంస్థ ఇచ్చును.

ఆ ఖర్చుల విషయములో ఆ నిబంధనలయందలి ఒక కట్టడి బంగారుముద్ర వేయదగినది. ప్రతి సంవత్సరము లెక్కలను బయటి ఆడిటర్లు తనిఖీ చేయవలెను. ఆ నివేదికను డిసెంబరు ముగియులోగా ప్రకటింపవలెను. అందులో అధ్యక్షునికి, కాబోవు అధ్యక్షునికి, అతని తరువాతివానికి, ఒక్కొక్క డైరెక్టరునకు ఎంతెంత ఖర్చు చెల్లింపబడినదో పేరుపేరున వ్రాయవలెను. ‘ప్రయాణపు ఖర్చులు’ అని ఒక్క పద్దు వేసి మూట కట్టుటకు వీలులేదు. చిఠా వ్రాసినవారికి తెలియును, దొంగతనము ఎప్పుడును పెద్ద పద్దులో దాగును. పద్దును విడదీసినచో దానికి దాగుటకు చోటుండదు.

దాతలిచ్చిన సొమ్ము వాడకమునందును ఒక ఓర్పు కలదు. వార్షికనిధికి వచ్చిన విరాళములను ఆ యేడే ఖర్చుపెట్టక మూడేండ్లు మదుపులో నుంతురు. ఆ మదుపుమీద వచ్చిన రాబడి కార్యాలయ వ్యయములకు తోడగును. మూడేండ్ల పిమ్మట అసలులో కొంత దాతల జిల్లావారు సూచించిన పనులకు, కొంత ప్రపంచనిధికి పోవును. శాశ్వతనిధికి ఇచ్చిన మూలధనము ముట్టరు. దాని ఆదాయమే ఖర్చగును. విత్తనపు వడ్లు దంచుకొని తినని రైతు బుద్ధియే యిది.

అమెరికాదేశపు ధర్మసంస్థల న్యాయము, మండలియందు కూర్చుండువారికి మూడు ధర్మములు విధించుచున్నది. వాటిని శ్రద్ధ, నిష్ఠ, విధేయత యని తెలుగున చెప్పవచ్చును. శ్రద్ధయనగా సభకు వచ్చుట, కాగితములు చదువుట, తెలియనిచో అడుగుట. సంతకము చేసి కాఫీ త్రాగి పోవుట శ్రద్ధ కాదు. నిష్ఠయనగా సంస్థ లాభమును తన లాభముకంటె ముందు చూచుట. తన దుకాణములోని బీరువాను సంస్థచేత కొనిపించి, ఆ తీర్మానమునకు తానే చేయెత్తుట నిష్ఠాభంగము. బీరువా మంచిదే కావచ్చును, ధరయు సరసమే కావచ్చును. కాని చేయెత్తినవాడు వేరొకడు కావలెను. విధేయతయనగా సంస్థ ఏ పనికై పుట్టినదో ఆ పనికే సొమ్ము వెచ్చించుట.

ఈ మూడవదియే కఠినమైనది. ఏలయన, ఇచ్చట తప్పుచేయువాడు దుష్టుడు కానక్కరలేదు, సజ్జనుడును తప్పుచేయును. ఇందుకు తెలుగువారు విదేశములకు పోయి దృష్టాంతము వెదకనక్కరలేదు. భద్రాచల రామదాసని ప్రసిద్ధిగాంచిన కంచర్ల గోపన్న గోలకొండ తానీషా కాలమున తహసీలుదారు. సర్కారు పన్నుల సొమ్ముతో రామాలయము కట్టించెననియు, అందులకై చెరసాల పాలయ్యెననియు, తుదకు రామలక్ష్మణులే మారువేషమున వచ్చి ఆరులక్షలు చెల్లించి రసీదు పుచ్చుకొనిరనియు కథ. గోపన్న భక్తిని శంకించువాడు తెలుగువాడు కాడు. ఐనను, ఆ కథ చెప్పిన పెద్దలు బాకీని మాఫీ చేయింపలేదు. భగవంతునిచేత చెల్లింపజేసిరి, చెల్లించినట్లు రసీదును కూడ వ్రాయించిరి. ఒక పద్దుసొమ్ము వేరొక పద్దునకు, అది ఎంత పుణ్యకార్యమైనను, తరలింపరాదను న్యాయము ఆ రసీదులో నున్నది. పుస్తకములకై వచ్చిన చందా వరదబాధితులకిచ్చుట దయయే. కాని చందాదారుల నడుగక ఇచ్చుట అధికారము మీరుటయే.

ధర్మకర్తకు ఆదర్శము కావలెనన్నచో రామాయణమున భరతుడు కలడు. పాదుకలను సింహాసనమున నుంచి తాను నందిగ్రామమున నివసించెను. 14 ఏండ్లు రాజ్యము నేలినవాడు తానే యైనను రాజు తాను కాననుట మరువలేదు. ఈ భాగమును అందరును తలతురు. అంతగా తలపనిది వేరొకటి కలదు. రాముడు తిరిగి వచ్చినప్పుడు భరతుడు పాదుకలు తొడిగి ఊరకుండలేదు, లెక్క చెప్పెను. బొక్కసము, ధాన్యాగారము, సైన్యము పదింతలైనవి, చూచుకొనుమని అప్పగించెను. అడుగకముందే లెక్క చెప్పుట, చెప్పి దిగుట, ఈ రెండును కలిసిననే ధర్మకర్తృత్వము. అన్న అడుగడు, అన్నకు సందేహము లేదు. ఐనను తమ్ముడు చెప్పెను. నమ్మకమున్నచోట లెక్క అక్కరలేదనువారు ఈ ఘట్టమును మరల చదువవలెను.

ఇంతచేత ఆ విశ్వసంస్థ దోషరహితమని తలపరాదు. దాని మండలులు చాలకాలము ఒక పెద్ద తప్పు చేసినవి. స్త్రీలను సభ్యులుగా చేర్చుకొనలేదు. కాలిఫోర్నియాలోని డువార్టే అను చిన్న ఊరి క్లబ్బువారు స్త్రీలను చేర్చుకొనగా 1978లో ఆ క్లబ్బు అధికారపత్రమునే రద్దుచేసిరి. వ్యాజ్యము నడచి, 1987 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఊరి క్లబ్బు పక్షముననే తీర్పు చెప్పినది. 1989లో సంస్థ తన నిబంధనలను మార్చుకొని స్త్రీలకు ద్వారము తెరచినది. 2005లో మొదటిసారిగా ఒక స్త్రీ ధర్మకర్తయైనది. 2008లో మొదటిసారిగా ఒక స్త్రీ డైరెక్టరయినది. 2022-23లో కెనడాదేశపు జెన్నిఫర్ జోన్స్ అధ్యక్షపీఠమెక్కినది. 1905 నుండి లెక్కించిన, ఆ పీఠమునకు స్త్రీ చేరుటకు 117 ఏండ్లు పట్టినది.

ఇందలి నీతి రెండు విధములు. మండలిలోని వారందరు ఒకే తీరువారైనచో, వారి చూపునకు అందనిది ఎవరికిని కనబడదు. ఆ కాలపు డైరెక్టర్లు దుర్మార్గులు కారు. తమవంటివారినే చూచుచు, అదియే లోకమనుకొనిరి. రెండవది: తప్పును చూపినది పెద్దసభ కాదు, ఎక్కడో మూలనున్న చిన్న క్లబ్బు. చిన్నచోటునుండి వచ్చినదనిన కారణమున మాటను తేలికచేయువారు డువార్టేను జ్ఞప్తియందుంచుకొనవలెను.

విశ్వసంస్థ యెక్కడ, గ్రామగ్రంథాలయమెక్కడ యని అనుకొనవచ్చును. రోటరీకి 200 పైగా దేశములు, ప్రాంతములు. సుమారు 12 లక్షల సభ్యులు. గ్రంథాలయమునకు ఒక ఊరు, కొందరు చందాదారులు. ఐనను అదియు ఒకప్పుడు నలుగురు కూర్చున్న గదియే. అమెరికాలో ఆ క్లబ్బులు సంఘముగా కూడిన నాలుగేండ్లకే, 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారు పూనుకొని, చెదరియున్న పఠనమందిరములను ఒక త్రాటికి తెచ్చిరి. అక్కడను ఇక్కడను పద్ధతి ఒక్కటే: చిన్నవి చేరుట, నియమములు వ్రాసికొనుట, వ్రాసికొన్న నియమమునకు తామే లోబడుట.

సంఘముల రిజిస్ట్రేషన్ చట్టము 1860లోనే పుట్టినది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2001లో వేరుగా చట్టము చేసినది. కార్యవర్గ సభ్యుల జాబితాను ఏటేట దాఖలు చేయవలెనని ఈ చట్టములు శాసించుచున్నవి. కాని చట్టము చెప్పునది కనిష్ఠము. ఊరు తనంతట పెట్టుకొన్న నియమము దానికంటె మేలైనది కావచ్చును. పెద్దసంస్థ చేసిన పనిని చిన్నగ్రంథాలయము ఇంతకంటె సులభముగా చేయగలదు. వార్షికపు జమాఖర్చును పఠనమందిరపు గోడమీద, అందరికి అందు ఎత్తున, ఏ పద్దునకు ఆ పద్దు విడదీసి అంటించుటకు గొప్ప ఖర్చులేదు. కార్యదర్శి పదవికి గడువు పెట్టుటకు ధనమక్కరలేదు. దిగిపోవువారు పుస్తకముల పట్టీ, బీరువా తాళములు, చందాల రసీదు పుస్తకములు, నిల్వసొమ్ము క్రొత్తవారికి సాక్షులయెదుట అప్పగించి సంతకములు పుచ్చుకొనుటకు ఒక పూట చాలును. పుస్తకములు ఎక్కువగా ఇంటికి కొనిపోయి చదువు స్త్రీలకు, విద్యార్థులకు కార్యవర్గమున చోటిచ్చుటకు 117 ఏండ్లు వేచియుండనక్కరలేదు.

ఈ మాటలు ఎవరిని శంకించి చెప్పినవి కావు. కంచె వేయుట పశువును తిట్టుట కాదు. కంచెయే చేను మేయకుండుటకు, కంచెకును ఒక కొలత యుండవలెనని మాత్రమే భావము. లెక్క చూపుమనుట దొంగయనుట కాదు. నిజమునకు, లెక్కవలన ఎక్కువ లాభము పొందువాడు నిజాయితీపరుడే. అతడు పోయిన తరువాత అతని పక్షమున మాట్లాడునది అతని ఆవర్జా యొక్కటే.

మండలిలో సభ్యత్వము గౌరవమని కొందరి తలంపు. వేదికమీద కుర్చీ, మెడలో పూలదండ, ఆహ్వానపత్రికలో పేరు దాని ఫలములని అనుకొందురు. అవి తప్పని అననక్కరలేదు. శ్రమపడినవానికి పూలదండ తగును. కాని దండ వాడిపోవును. అప్పగింపు పత్రము మిగులును. కాన్సాస్ సిటీ వారి 26 డాలర్ల 50 సెంట్లు ఎవరి జేబులోనివో లోకమునకు తెలియదు. అవి ఎక్కడికి చేరినవో మాత్రము తెలియును. ఇచ్చినవారు మరుగుపడి, ఇచ్చినది నిలిచినచో ధర్మకర్తలు తమ పని చేసినట్లే.

రాబోవు 25 సంవత్సరములలో ఈ గ్రంథాలయపు పీఠములందు నేటి బాలబాలికలు కూర్చుందురు. వారు బీరువా తెరచినప్పుడు పుస్తకములతోపాటు ఒక స్పష్టమైన లెక్కయు దొరకుగాక! దానిని చూచి వారు తమ తరువాతివారికి అట్టి లెక్కనే అప్పగింతురుగాక!

స్వస్తి.